ఒక్క ఫోన్ ఉంచితే చాలు

నాకు నోరెక్కువ. నేను కాపరానికొచ్చిన వారానికే మా అత్త ఈ సంగతి తేల్చేసింది, నేనూ కాదనలేదు. మామిడికాయల షెడ్డులో పాతికమందిమి కూర్చుని కాయ ఏరుతుంటే మేస్త్రీ అందరి మీదా అరుస్తాడు గానీ నా జోలికి రాడు. ఆ నోటితోనే మొన్న వేసవిలో ఒక పొద్దున, రీఛార్జి కొట్టు దగ్గర నాలుగు మాటలన్నాను. మా ఆయన కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. పాము కరిచి పోయిందని ఊరంతా అంటుంది. పాము కరిచిన మాట నిజమే. కానీ మా తోటల్లో ఏటా ఎవరో ఒకరిని పాము కరుస్తూనే ఉంటుంది, వేళకి సూది పడ్డవాళ్లు లేచి మళ్లీ పనిలోకి వెళ్తూనే ఉంటారు. మా ఆయనకి వేళకి సూది పడలేదు. ఎందుకు పడలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ఆగిరిపల్లి పక్కన పల్లె. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, గుట్ట కింద, రెడ్డిగూడెం ఆసామి ఒకాయన కౌలుకి తీసుకున్న తోట ఉంది. పిందె పడ్డప్పటినుంచి కోత అయ్యేదాకా మా ఆయన దానికి కాపలా. ఆ మూడు నెలలూ మకాం అక్కడే, తాటాకు పాకలో. కోతుల్ని తోలాలి, చిలకల్ని అదిలించాలి, గాలికి రాలిన కాయ ఏరి పోగుపెట్టాలి. నేను పొద్దున్నే వండి, పాత మోపెడ్ మీద క్యారేజీ తీసుకెళ్లి ఆయనకిచ్చి, అక్కడినుంచి షెడ్డుకి పోయేదాన్ని.

తోటకి పై భాగంలో, రోడ్డుకి దగ్గరగా, బోరు గట్టు ఉంది. ఆ గట్టు మీద సిగ్నలు నిండుగా ఉంటుంది. పాక ఉన్న పల్లంలోకి దిగితే ఒక్క గీత వస్తుంది, పోతుంది. అక్కడున్న మనిషికి ఫోన్ చేస్తే, మీరు పిలిచిన వారు అందుబాటులో లేరని చెప్పే ఆడగొంతు తప్ప ఇంకేమీ వినపడదు. ఎన్నిసార్లు చేసినా అదే గొంతని నేను సణిగితే, "నీ సవతిలే. నేను నిద్రపోతంటే అదే ఎత్తుద్ది" అనేవాడు మా ఆయన. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది.

అందుకని మేం మామూలు ఫోన్లు మానేశాం. ఫోన్లో పచ్చ బొమ్మ ఉన్న యాప్ ఉంటుంది కదా, అందులో మైకు నొక్కిపట్టి మాట్లాడి వదిలేస్తే, ఆ ఒక్క గీత వచ్చిన క్షణాన మాట దానంతటదే అవతలికి పోయేది. పది నిమిషాలు ఆలస్యమైనా చేరేది. ఆయన బడి గుమ్మం ఎక్కిన మనిషి కాదు, చదవలేడు, రాయలేడు. పైగా మామిడి సొన పడీ పడీ వేళ్ల తోలు కాలి ఊడిపోయి, ఫోన్ మీద ఎక్కడ నొక్కినా ఒకపట్టాన పలకదు. మైకొక్కటే ఆయనకి కుదిరింది. నేను పదో తరగతి చదివినదాన్ని కాబట్టి పంతులమ్మ వేషం కట్టి నేర్పాను. మాట్లాడి వదిలెయ్, కుడిపక్కన పచ్చ డబ్బా పడిందంటే నాకు చేరినట్టే, ఇక నువ్వు చూసుకోనక్కర్లేదు అని చెప్పాను. డబ్బా కింద గడియారం గుర్తుంటే ఇంకా పోలేదని అర్థం. అది నాకు తెలుసు. గింజంత గుర్తు, ఆయనకెందుకులే అని చెప్పలేదు.

అలా వాయిసే మాకు ఫోన్ అయిపోయింది. మా ఇంట్లో 'ఫోన్ చెయ్' అంటే వాయిస్ పెట్టమని. 'ఫోన్ చేశాను, అందలేదా' అంటే వాయిస్ పెట్టాడని. ఆ గుట్ట కింద తోటల్లో కాపలా ఉండే మగాళ్లు, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు, అందరిదీ ఇదే మాట. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన దగ్గరినుంచి 'తిన్నాను' అని ఒక ఫోన్ వచ్చేది. కూర బాగుంటే 'బానే ఉంది' అని ఇంకో ముక్క కలిపేవాడు. లోకంలో మిగతావాళ్లకి ఫోన్ అంటే వేరని నాకెప్పుడూ తోచలేదు.

మాకు తగువల్లా నెట్ దగ్గరే. ఆయన ప్లాన్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ. తెల్లారగానే బోరు గట్టెక్కి కూర్చుని పందెంకోళ్ల వీడియోలు పెట్టేవాడు. ఏ డేగ పుంజు ఏ కాకి పుంజుని కొట్టిందో, ఎన్ని సెకన్లలో కొట్టిందో, అదే లోకం. తొమ్మిదిన్నర అయ్యేసరికి ఇవాళ్టి డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చేది. దాన్ని చదివే మనిషి కాదాయె. ఆ తరవాత అర్ధరాత్రి దాటేదాకా వాయిస్ కూడా ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ సాయంత్రానికి చేరేది, లేకపోతే మర్నాడు. నేను షెడ్డులో కూర్చుని, తిన్నాడో లేదో, ఎండకి పడ్డాడో ఏమోనని కొట్టుకుంటూ ఉండేదాన్ని. నీ కోళ్లకి మేత వేసి నన్ను పస్తు పెడుతున్నావని తిట్టాను. అలాగేలే అనేవాడు. మర్నాడు మళ్లీ గట్టు మీదే ఉండేవాడు.

నా భయానికి కారణం ఉంది. అంతకుముందు ఏడాది పక్క తోటలో కాయ కోసే మనిషిని పాము కరిస్తే, పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి గుమ్మంలో పడిపోయాడు. తరవాత నర్సమ్మ మా షెడ్డుకొచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. పరిగెత్తొద్దు, నడవొద్దు, మంత్రగాడి దగ్గరికి పోవద్దు, కాలు కదపకుండా కూర్చుని ఎవరికైనా ఫోన్ చెయ్యండి, వాళ్లే బండి తెస్తారు అంది. నేను ఆ సాయంత్రమే తోటకెళ్లి మా ఆయన చేత వల్లె వేయించాను. పాము కరిస్తే ఏం చేస్తావంటే, కదలను, కూర్చుంటాను, నీకు ఫోన్ చేస్తాను అని అప్పజెప్పాడు. ఆఖర్న చెయ్యెత్తి దండం పెట్టి "హైకోర్టు ఆర్డరు" అన్నాడు. నా మాటలన్నిటికీ ఆయన పెట్టిన పేరది.

మే నెలలో ఆయన ప్లాన్ అయిపోయింది. కోత ముందు రోజులు, తోట వదిలి రావడానికి లేదు. అందుకని ఆయన ఫోన్ నేనే ముందురోజు తెచ్చుకుని, పొద్దున్నే ఆగిరిపల్లి తీసుకెళ్లి, జిరాక్సు కొట్టు నడిపే ఆమె దగ్గర రీఛార్జి చేయించాను. నెమ్మదైన మనిషి, ఏ పనైనా చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఆమెతో నా గోడు చెప్పుకున్నాను. మా ఆయన నెట్ అంతా కోళ్లకే తగలేస్తున్నాడు, ఏదైనా దారి చూడమ్మా అన్నాను. ఉందక్కా అంది. ఏ యాప్‌ని నెట్ వాడుకోనివ్వాలో, దేన్ని వద్దనాలో ఫోన్లోనే విడివిడిగా పెట్టుకోవచ్చట. వద్దన్నది తెరిచినా తిరుగుతూ కూర్చుంటుందట, ఒక్క చుక్క నెట్ తాగదట. వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏవి ఉంచమంటావక్కా?" అని అడిగింది.

"ఏమీ వద్దు. ఒక్క ఫోన్ ఉంచితే చాలు."

ఆమె తలెత్తి చూసింది. "బాగా ఆలోచించుకో అక్కా. ఫోన్ తప్ప ఇంకేం పనిచెయ్యవు."

ఆమె రెండోసారి అడిగిందన్న సంగతి నేను దాచను. నాకు షెడ్డుకి వేళైపోతోంది, వెనక ఇద్దరు ఆధార్ కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. "చెప్తున్నా కదమ్మా, మాకు ఫోన్ పోతే చాలు, మిగతావన్నీ కట్ చెయ్" అని కసిరాను. ఆమె ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయి ఫోన్ నా చేతిలో పెట్టింది. చెప్పింది చెప్పినట్టే చేసింది.

పది గంటలకి తోటలో క్యారేజీ, ఫోన్ ఇచ్చాను. ఏం చేయించానో ఆయనకి చెప్పలేదు. చెబితే బతిమాలతాడు, నేను కరిగిపోతానని భయం. అదొక్కటే కాదు. తిరిగే చక్రాన్ని చూస్తూ ఆయన మొహం ఎలా పెడతాడో అనుకుంటే లోపల సరదాగా కూడా ఉంది. ఎండ ముదిరింది, గట్టెక్కకు, పాకలో ఉండమన్నాను. అలాగేనన్నాడు.

మధ్యాహ్నం షెడ్డులో అన్నాలు తిన్నాం. 'తిన్నాను' అనే ఫోన్ రాలేదు. ఒంటిగంటన్నర అయింది, రెండయింది. నాకు కంగారు పుట్టలేదు. వీడియోలు రాక అలిగాడని అర్థం చేసుకున్నాను. పక్కనున్న ఆడవాళ్లకి జరిగిందంతా చెప్పి నవ్వించాను కూడా. వాళ్లలో ఒకామె, మా ఆయనకి కూడా అలాగే కట్టించాలి, ఏ కొట్టో చెప్పవే అంది. నేను అందరూ వినేలా మైకు నొక్కి, ఆయనకి ఒక వాయిస్ పెట్టాను. ఒక్క టిక్కే పడింది, అంటే ఆయన ఫోన్‌కి ఇంకా చేరలేదు. పల్లంలో ఉన్నాడులే అనుకుని పనిలో పడ్డాను. నాలుగింటికి మళ్లీ చూస్తే అదే ఒక్క టిక్కు. తిక్క కుదిరిందిలే అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తోంది.

సాయంత్రం ఆరున్నర కావస్తుండగా పక్క తోట కౌలుదారు ఫోన్ చేశాడు, మామూలు ఫోనే. అమ్మా, నూజివీడు ఆసుపత్రికి వచ్చెయ్, మీ ఆయన్ని పాము కరిచింది, నా బండి మీద తీసుకొచ్చాను అన్నాడు. తప్పిపోయిన మేక కోసం మా తోటలోకి దిగాడట. చిన్నరసం చెట్టుకి ఆనుకుని, కాలు చాపుకుని, ఒళ్లో ఫోన్ పెట్టుకుని మా ఆయన కూర్చుని ఉన్నాడట. కాలు తొడ దాకా వాచి, పళ్ల సందుల్లోంచి నెత్తురు వస్తోందట. కంగారుపడి లేపబోతే, కదలకూడదండి అని వారించాడట.

"మా ఆవిడకి ఫోన్ చేశానండి, ఆటో వస్తది" అన్నాడట.

పన్నెండున్నరకి, రాలిన కాయ ఏరుతుంటే ఆకుల్లో రక్తపింజర కరిచింది. అప్పటినుంచి ఐదు గంటలు ఆయన ఆ చెట్టు కిందే కూర్చున్నాడు. నూజివీడులో సూదులు వేసి, అక్కడినుంచి విజయవాడ పంపించారు. మూత్రంలో నెత్తురు పోయింది, రెండు వారాలు రోజు మార్చి రోజు డయాలసిస్ మిషను మీద పడుకోబెట్టారు. పాదం నల్లబడి పైకి పాకుతుంటే తొమ్మిదో రోజున కాలు తీసేశారు. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే కాలు దక్కేదని డాక్టరమ్మ మామూలుగానే అంది. ఆమె నన్ను అనలేదు. ఊరికే అంది.

ఆయన ఫోన్ సంచిలో అడుగున పడి చార్జింగు అయిపోయి ఉంది. నాలుగో రోజున ఆసుపత్రి వరండాలో ప్లగ్గు దొరికితే పెట్టాను. పచ్చది తెరిచాను. ఆ రోజు తేదీ కింద కుడిపక్కన ఏడు డబ్బాలు వరసగా ఉన్నాయి. అన్నిటి కింద గడియారం గుర్తే, ఏ ఒక్కటీ కదల్లేదు. మొదటిది నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఏమే, పాము కరిచిందే. కుడికాలు. నువ్వు చెప్పినట్టే కదలకుండా కూర్చున్నా. భయపడమాక. ఆటో పంపు."

రెండోది నొక్కలేకపోయాను. నెట్ లేదేమోనని సెట్టింగుల్లోకి వెళ్లాను. కొట్టామె ఆపిన యాప్‌లన్నీ వరసగా కనపడ్డాయి. కోళ్ల వీడియోలది, పాటలది, వాటి మధ్యన పచ్చది. ఫోన్ ఉంచమన్నాను, ఆమె ఫోన్ ఉంచింది. మా ఫోన్ పచ్చదాంట్లో ఉందని ఆమెకెలా తెలుస్తుంది? వరండాలోనే గోడకి తల బాదుకున్నాను. పక్క మంచం వాళ్లావిడ, కాలు పోయినా మనిషి దక్కుతాడులే అమ్మా అని నన్ను పట్టుకుంది. నా ఏడుపు దేనికో ఆమెకేం తెలుసు.

ఆయనకి తెలివొచ్చాక నేను నోరు విప్పలేదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఆ పల్లంలో సిగ్నలు దిక్కుమాలినదన్నారు, నేను తలూపాను. ఆయన కూడా అదే నమ్మాడు. కట్టు విప్పే నర్సుతో, "మా ఆవిడ సవతి తీసింది నా కాలు. నేను ఫోన్ చేస్తే అదే ఎత్తి పెట్టేసుకుంది" అని నవ్వించబోయాడు. నర్సుకి అర్థం కాలేదు. నేను గది బయటికెళ్లిపోయాను.

ఇరవై రెండో రోజున ఇంటికొచ్చాం. చంకల కింద కర్రలు పెట్టుకుని వాకిట్లోకి రెండడుగులు వేసి మళ్లీ మంచమెక్కేవాడు. ఏం తోచక, కోళ్ల వీడియోలు తిరుగుతున్నాయే తప్ప రావట్లేదేంటని అడిగాడు. నేను ఫోన్ తీసుకుని, వీడియోలకి మాత్రం నెట్ వదిలాను. పచ్చదాన్ని అలాగే ఉంచాను. దాన్ని వదిలితే ఆ ఏడు వాయిసులూ ఆయన కళ్ల ముందే బయల్దేరి నా ఫోన్లో పడతాయని నా భయం. ఆ గంట నేను తట్టుకోలేను.

కోళ్లు వచ్చాయి గానీ ఆయన చూసేవాడు కాదు. కాసేపటికే ఫోన్ బోర్లించేవాడు. తోటల్లో కాపలా ఉండే జతగాళ్లు ఆరేడుగురున్నారు, ఇరవయ్యేళ్ల స్నేహం. కోతలు ముమ్మరంగా ఉన్నాయి కాబట్టి రాలేరు, ఆయనకీ తెలుసు. ఒక్క ఫోన్ అయినా చెయ్యరేంటని మాత్రం రెండు రోజులు అడిగాడు. మూడో రోజు అడగలేదు. కాలు పోయినోడితో వాళ్లకేం పని అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం కంచం అలాగే తీసేశాను. కాలు తీసినప్పుడు కూడా ఆ మనిషి అలా గోడవైపు తిరగలేదు.

వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. నాకు తెలుసు. అవన్నీ పచ్చదాని గుమ్మం బయట పడి ఉన్నాయి, గొళ్లెం నా చేతిలో ఉంది. నా తప్పు దాచుకోడానికి ఆయన్ని అందరికీ కానివాణ్ణి చేశాను. ఐదో రోజు పొద్దున ఇక ఉండబట్టలేక ఫోన్ తీసుకుని పచ్చదానికి నెట్ వదిలాను. గుండె చిక్కబట్టుకుని ఆ ఏడింటి వైపే చూశాను. పాతబడిపోయాయేమో, అవి కదల్లేదు. పక్కన ఎర్ర గుర్తు పడి అక్కడే ఆగిపోయాయి. నాకు ఊపిరొచ్చింది. బతికాననుకున్నాను.

ఈలోగా ఫోన్ టింగు టింగుమంటూ ఆగకుండా మోగడం మొదలైంది. ఆయన లేచి కూర్చున్నాడు. ఇరవై నాలుగు వచ్చాయి. ఒక్కొక్కటే నొక్కి విన్నాడు. బావా ఎట్టా ఉందని ఒకడు, నీ పాక నేనే చూసుకుంటున్నా అని ఒకడు, వచ్చే ఏడు నువ్వు కూర్చుని అదిలించు చాలు, తిరిగే పని మాదని ఇంకొకడు. ఒకడు మాట్లాడలేక ఏడ్చాడు. మా ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "చూశావటే, మర్చిపోలేదే నన్ను" అన్నాడు. నేనూ నవ్వాను. కాఫీ పెడదామని లేచాను.

"నువ్వూ పెట్టావే ఒకటి" అన్నాడు, నా ఫొటో చూసి.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటిన మాట ఆ రోజునుంచీ ఎక్కడ తిరుగుతోందో నేను మర్చేపోయాను. ఆయన వాయిసుల భయంలో నా వాయిస్ నాకు గుర్తే లేదు. చెయ్యి చాపేలోపే నొక్కాడు. వెనకనుంచి షెడ్డులో ఆడవాళ్ల నవ్వులు, ముందు నా గొంతు.

"ఏం, వీడియోలు రాకపోతే నోరు పడిపోయిందా? అలిగితే అలాగే కూర్చో. నేను మాత్రం పలకరించను."

ఆయన ఇంకోసారి నొక్కి విన్నాడు. మొహంలో నవ్వు పోవడానికి కాస్త సమయం పట్టింది.

"ఆ రోజు వీడియోలు రావని నీకెట్టా తెలుసే?"

మంచం పట్టె మీద కూర్చుని అంతా చెప్పేశాను. కొట్టు, ఆమె రెండుసార్లు అడగడం, నేను కసరడం, ఒక్క ఫోన్ ఉంచమనడం, ఆసుపత్రి వరండాలో చూడటం, ఇన్నాళ్లూ దాచడం. కొట్టాలనుకుంటే కొట్టు అన్నాను. ఆయన తీసేసిన కాలి మీది దుప్పటి సర్దుకున్నాడు.

"కొట్టామెకేం తెలుసు పాపం, ఫోన్ అంటే వాయిసని" అన్నాడు. తరవాత, నావైపు చూడకుండానే, "ముందు గట్టు మీదికి పోదామనే లేచానే. రోడ్డు మీద బళ్లు తిరుగుతానే ఉంటయ్. డబ్బా పడింది కదా, నీకందింది కదా అని మళ్లీ కూర్చున్నా" అన్నాడు.

ఆ తరవాత ఆయన ఈ సంగతి ఎత్తలేదు. తిట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. సవతి పేరూ ఎత్తడు, హైకోర్టు పేరూ ఎత్తడు. మిగతా ఆరు వాయిసులు ఆ ఫోన్లోనే ఉన్నాయి, నేను వినలేదు, ఆయన చెరపలేదు. రోజూ షెడ్డుకి బయల్దేరుతూ, ఏదైనా కావాలంటే ఫోన్ చెయ్యమని చెప్తాను. ఏ ఫోన్ అని అడుగుతాడు.